మాట వినే కండరాలు

జూన్ 3

ఈ సాయంత్రం నా ఎడమ కన్ను దానంతటదే మూసుకుంది.

నిద్ర రాలేదు. దుమ్ము పడలేదు. హోటల్ వాళ్ళ దిండు గలీబులు ఇస్త్రీ చేస్తున్నాను. ఎదురుగా గోడ మీదున్న క్యాలెండర్ సగానికి కోసేసినట్టు కనిపించింది. రెప్ప ఎత్తబోయాను. రాలేదు. వేలితో పైకి ఎత్తి పట్టుకున్నాను. వదలగానే మళ్ళీ జారిపోయింది, మా ఇస్త్రీ కొట్టు షట్టర్ లాగా.

ఆయన చూసి, ఏంటి, కన్ను కొడుతున్నావు, నలుగురూ వచ్చే చోట, అమ్మ చూస్తే ఏమనుకుంటుంది అన్నారు. నవ్వారు. నాకు సిగ్గేసి తల దించుకున్నాను. ఆయన ఇంకా నవ్వారు.

ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఈ డైరీ పిచ్చుక ఇచ్చింది. పిచ్చుక అంటే మా ఆడపడుచు. ఒక్క చోట కాలు నిలవదు, అందుకే ఇంట్లో అందరూ అలా పిలుస్తారు. పోయినేడాది డైరీ ఇది, వారాలు తప్పు, తేదీలే చూసుకో వదినా, నీ కబుర్లకి చాల్లే అంది. నా దగ్గర కబుర్లు ఏమున్నాయి. ఏడో తరగతి సగంలో మానేసినదాన్ని. అక్షరాలు మాత్రం ఇస్త్రీ చేసినట్టుంటాయని ఆయన అంటారు.

జూన్ 4, పొద్దున

కన్ను మామూలుగానే ఉంది. అద్దంలో ఎన్నిసార్లు చూసుకున్నానో. ఊరికే భయపడ్డాను.

జూన్ 4, సాయంత్రం

మళ్ళీ.

జూన్ 9

పిచ్చుక నర్సు కోర్సు చదువుతోంది. ఒంటి నిర్మాణం పేపర్ ఒకసారి తప్పింది. మళ్ళీ రాయాలి. కొట్లో పెద్ద ఫ్యాన్ ఉందని పుస్తకం పట్టుకుని అక్కడే ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ బట్టీ పడుతుంది. స్టీమ్ బుస్సుమంటుంటే దాని మీద నుంచి అరుస్తుంది. కండరాలు మూడు రకాలు. అస్థి కండరాలు, నునుపు కండరాలు, హృదయ కండరం.

మధ్యమధ్యలో నా చెయ్యి పట్టుకుంటుంది. నువ్వే నా బొమ్మవి వదినా, కదలకు అంటుంది. మోచేతి పైన నొక్కి చూపించింది. ఇది ఎముకలకి అతుక్కుని ఉండే రకమట. లోపలంతా పొడుగాటి పోగులట. కొన్ని పోగులు కలిపి ఒక కట్ట, దానికి పల్చటి తొడుగు. అలాంటి కట్టలన్నీ కలిపి పెద్ద కట్ట, దాని మీద ఇంకో తొడుగు. ఒక్కొక్క పోగు లోపల మళ్ళీ సన్నవీ లావువీ పోగులు. లావు వాటి మధ్యలోకి సన్నవి జారితే కండరం పొట్టిదవుతుంది, చెయ్యి ముడుచుకుంటుంది. పెద్దది చేసి చూపించే అద్దంలో చూస్తే అడ్డంగా చారలు కనిపిస్తాయట. ఇవి మన మాట వింటాయి. లెమ్మంటే లేస్తాయి. కాకపోతే త్వరగా అలిసిపోతాయి.

నునుపు వాటికి చారలు ఉండవు. మధ్యలో లావుగా, చివర్లు సన్నగా ఉంటాయి. కడుపులో, పేగుల్లో, రక్తం పారే గొట్టాల గోడల్లో. అవి మనల్ని ఏమీ అడగవు. నిదానంగా, అలవకుండా పని చేసుకుపోతాయి. మూలన కూర్చుని గుండీలు కుడుతున్న అత్తయ్య, అయితే అవి మా కోడలి లాంటివి, ఉలకవు, పలకవు, పని మాత్రం ఆగదు అన్నారు.

ఇక గుండె. దానికి చారలున్నాయి, పోగులు కొమ్మలు వేసి ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చూడ్డానికి మొదటి రకంలాగే ఉంటుంది కానీ మన మాట వినదు. చారల చొక్కా వేసుకుంటాడు, చెప్పిన మాట వినడు, అది మీ అన్న అన్నారు అత్తయ్య. ఆయన అప్పుడే లోపలికి వచ్చారు. నిజంగానే చారల చొక్కా.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. సగంలో నవ్వు ఆగిపోయింది. పెదవులు పక్కలకి సాగలేదు. స్టీమ్ ప్రెస్ మెరుపు మూతలో నా మొహం కనిపించింది. నవ్వుతున్నట్టు లేదు. పళ్ళు చూపించి కరవబోతున్నట్టుంది.

చేత్తో నోరు కప్పుకున్నాను. సిగ్గుపడుతోంది చూడు అంది పిచ్చుక.

జూన్ 15

రాత్రి భోజనాల దగ్గర నాలుగు ముద్దలు బాగానే తిన్నాను. తర్వాత దవడ నమలడం మానేసింది. నోట్లో ముద్ద అలాగే ఉంది. గడ్డం కింద చెయ్యి పెట్టి దవడని నేనే కదిపాను. గుటక పడలేదు. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చాయి.

అప్పటికి అందరూ లేచి వెళ్ళారు. నేను చివరి ఆర్డర్ ముగించుకుని ఆలస్యంగా కూర్చుంటాను కాబట్టి ఎవరూ చూడలేదు. మంచిదే అనుకున్నాను. తర్వాత మంచిది కాదేమో అనుకున్నాను.

జూన్ 16

పొద్దున గట్టి రొట్టె కూడా కరకరా నమిలాను. ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే భయంగా ఉంది. దొంగ ఉదయం పూట మంచివాడిలా వీధిలో తిరుగుతున్నట్టుంది.

జూన్ 22

సాయంత్రం కొట్టు ఫోన్ మోగింది. ఆయన డెలివరీకి వెళ్ళారు. నేనే ఎత్తాను. హోటల్ మేనేజర్. దుప్పట్లు ఎప్పుడు వస్తాయని అడిగాడు. రేపు పొద్దున్నే పంపిస్తామండీ అన్నాను. మొదటి రెండు మాటలు సరిగ్గా వచ్చాయి. తర్వాతవి ముక్కులోంచి వచ్చాయి. ఆఖరివి అసలు రాలేదు. ఏంటమ్మా, జలుబా, లేకపోతే ఏమైనా తాగావా అని నవ్వాడు. పెట్టేశాను.

అత్తయ్యకి చెప్పాలని దగ్గరికి వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నిలబడ్డాను. ఏంటి మూగనోమూ, ఏం కావాలి అన్నారు. ఆవిడ నన్ను ముద్దుగా అలాగే పిలుస్తారు. మాట కూడగట్టుకునేసరికి గొంతు లేదు. తల ఊపి వచ్చేశాను. నీ సిగ్గు చిమడ, ఇంట్లో వాళ్ళ దగ్గర కూడానా అన్నారు వెనక నుంచి.

నాకు ఇప్పుడు అర్థమవుతోంది. కళ్ళు దించుకుంటే సిగ్గు. నోరు తెరవకపోతే సిగ్గు. గొంతు సన్నగా వస్తే సిగ్గు. పెళ్ళైన రోజు నుంచీ నేను అలాగే ఉన్నాను. అందుకే ఎవరికీ తేడా తెలియడం లేదు. ఈ జబ్బు ఏదైతేనేం, నా బట్టలే వేసుకుని ఇంట్లో తిరుగుతోంది.

జూన్ 27

ఇవాళ సాయంత్రం ఆయన ఇద్దరుగా కనిపించారు. ఎవరి వైపు చూడాలో తెలియలేదు.

జూలై 1

ఇస్త్రీ పెట్టె పడేశాను.

షర్ట్ కాలర్ తిప్పి పెట్టెని ఎత్తబోయాను. చెయ్యి మోచేతి దాకా వచ్చి ఆగిపోయింది. ఎత్తు అని చెప్పాను. లోపల గట్టిగా చెప్పాను. వినలేదు. వేళ్ళు ఒక్కొక్కటీ విడిపోయాయి. పెట్టె బల్ల అంచుకి తగిలి, నా పాదం పక్కన, వెంట్రుక వాసిలో పడింది. కింద పరిచిన చాప మీద నల్లటి గుర్తు. కాలిన వాసన.

ఆయన పరుగెత్తుకొచ్చి, ఆలోచనలు ఎక్కడ పెట్టుకుని పని చేస్తున్నావు అని గట్టిగా అన్నారు. తర్వాత నా మొహం చూశారు. గొంతు తగ్గింది. ఏమైందే అన్నారు. నేను చెయ్యి చూపించాను. చెయ్యి చూస్తే మామూలు చెయ్యే. ఏం చూపించాలి.

ఇప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్దాం అన్నారు. అత్తయ్య వద్దన్నారు. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో, ఇలాగేనా తీసుకెళ్ళేది, రేపు పొద్దున వెళ్దాం, అందాకా ఇది పుల్ల తీసి ఇటు నుంచి అటు పెట్టకూడదు అన్నారు. తనే పక్క వేసి పడుకోబెట్టారు. జుట్టు దువ్వారు. మా అమ్మ కూడా ఇంత చేయలేదు.

జూలై 2

డాక్టర్ చాలా మంచివాడు. నిదానంగా మాట్లాడాడు. నా వేళ్ళు నొక్కమ్మా అన్నాడు. నొక్కాను. అబ్బో, ఇస్త్రీ చేసే చేతులు కదా, నా వేళ్ళు విరిగేలా ఉన్నాయి అన్నాడు. ఆయన నవ్వారు. టార్చ్ వేసి కళ్ళు చూశాడు. రెండు రెప్పలూ చక్కగా పైకే ఉన్నాయి. నాలుక చాపమన్నాడు. చెయ్యి ఎత్తమన్నాడు. అన్నీ విన్నాయి. నేను ఏది చెబితే అది విన్నాయి.

పొద్దున నేను చెప్పిన ముక్క, సాయంత్రాలు ఇలా అవుతుందని, డాక్టర్‌కి ఆయనే చెప్పారు. నేను పక్కన తలూపాను. రోజంతా నిలబడితే ఎవరికైనా అంతే, రక్తం తక్కువేమో, టానిక్ రాస్తాను అన్నాడు. నెల తప్పిందా అని అడిగాడు. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఈసారి నిజంగా సిగ్గే.

ఇంటికొచ్చే దారంతా ఆయన తేలిగ్గా నడిచారు. బతికించావు, నేనేదో ఊహించుకుని హడలిపోయాను అన్నారు.

సాయంత్రం రెండు కళ్ళూ మూసుకున్నాయి.

జూలై 8

దగ్గు పట్టుకుంది. దగ్గాలంటే కూడా బలం చాలడం లేదు. మళ్ళీ డాక్టర్. మళ్ళీ అత్తయ్య ముందు రోజు నుంచీ నన్ను పడుకోబెట్టారు. మళ్ళీ పొద్దున్నే వెళ్ళాం. మళ్ళీ అన్నీ బాగున్నాయి. దగ్గుకి మాత్రలు రాసిచ్చాడు.

నన్ను బయట కూర్చోమని ఆయనతో విడిగా మాట్లాడాడు. మధ్యలో తెర ఒక్కటే. వినిపించింది. ఒంట్లో ఏమీ లేదయ్యా, కొత్త కాపురం, నోరు విప్పని పిల్ల, మనసులో ఉన్నది ఒంటి మీదికి వస్తుంది, కొన్నాళ్ళు పుట్టింట్లో దింపి చూడు అన్నాడు. ఆయన ఊఁ అన్నారు. అది కూడా వినిపించింది.

దారిలో ఆయన నన్ను కొత్తగా చూశారు. నీకు ఇక్కడ ఏమైనా కష్టంగా ఉందా అని అడిగారు. లేదన్నాను. మరి ఎందుకిలా అన్నారు.

ఎందుకో నాకేం తెలుసు. నేనే చేస్తున్నానా. ఎవరూ చూడనప్పుడు రావడం, డాక్టర్ ముందు పోవడం, ఇది నటించేవాళ్ళ పద్ధతే కదా. నటిస్తున్నామని తమకే తెలియకుండా నటించవచ్చా. రాత్రంతా ఇదే. నా చెయ్యి నాతో అబద్ధం చెబుతోందా, నేను చేత్తో చెప్పిస్తున్నానా.

జూలై 11

మాత్రలు మొదలుపెట్టాక ఎక్కువైంది. ఇదివరకు సాయంత్రం వచ్చేది. ఇప్పుడు మధ్యాహ్నానికే వస్తోంది. మెడ తలని మోయడం లేదు. గడ్డం కింద పిడికిలి పెట్టుకుని కూర్చుంటున్నాను. కోడలు పెద్ద ఆలోచనలో పడింది అంటున్నారు అత్తయ్య.

పొద్దున గొంతు ఉన్నప్పుడు పిచ్చుకని అడిగాను. ఊపిరి తీసే కండరం ఏ రకం అని.

అది పుస్తకంలోంచి తలెత్తి, అరే వదినా, నువ్వు కూడా పరీక్ష రాస్తావా ఏంటి అంది. ఉత్సాహంగా బొమ్మ తిప్పి చూపించింది. పొట్టకీ రొమ్ముకీ మధ్య గొడుగులా ఒక కండరం. ఉదరవితానం అట. అది కిందికి దిగితే గాలి లోపలికి, పైకి వస్తే గాలి బయటికి. మాస్టరు ఇక్కడే మెలిక పెడతాడు వదినా, నిద్రలో కూడా నడుస్తుంది కదా, గుండె లాంటిదో, పేగు లాంటిదో అనుకుంటాం, పోయినసారి నేను అలాగే రాసి తప్పాను, కానీ కాదు, దానికి చారలున్నాయి, అది మొదటి రకమే, నీ చెయ్యి లాంటిదే అంది.

నా చెయ్యి లాంటిదే.

పిచ్చుక ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నాకు వినపడలేదు.

పోయినవన్నీ లెక్క చూసుకున్నాను. రెప్ప. పెదవి. దవడ. గొంతు. చెయ్యి. మెడ. అన్నీ మొదటి రకమే. అన్నీ నా మాట వినేవే. కడుపు బాగానే అరుగుతోంది. గుండె బాగానే కొట్టుకుంటోంది. ఆ రెండు రకాల జోలికి పోవడం లేదు. వరసగా మొదటి రకాన్నే పట్టుకుంటోంది. మనసులోది ఒంటి మీదికి వస్తే ఇలా రకం చూసుకుని వస్తుందా.

నేను నటించడం లేదు. ఆ ఒక్క ముక్క తేలినందుకు కాసేపు కొండంత ధైర్యం వచ్చింది. తర్వాత, వరసలో ఇంకా మిగిలింది ఏమిటో గుర్తొచ్చింది.

జూలై 12

పడుకుంటే గాలి చాలడం లేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆయన నిద్రపోతున్నారు. ఆయన పొట్ట లేచి పడుతోంది. ఎంత తేలిగ్గా. అడక్కుండా.

పడుకున్నాక అన్నీ బాగవుతున్నాయి. అదే కదా సంగతి. అత్తయ్య నన్ను పడుకోబెట్టి, బాగుచేసి, బాగైన నన్ను డాక్టర్ దగ్గరికి పంపిస్తున్నారు. డాక్టర్ చూసిన మనిషి వేరు. సాయంత్రం మనిషిని డాక్టర్ ఒక్కసారి కూడా చూడలేదు.

నేను అలిసిపోయి వెళ్ళాలి.

జూలై 13, పొద్దున

చెప్పేశాను. లేవగానే, గొంతు ఉన్నప్పుడే. ముగ్గురూ టీ తాగుతున్నారు. ఇవాళ సాయంత్రం క్లినిక్‌కి వెళ్దాం, అందాకా నేను పడుకోను, పని చేస్తాను అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది. ఈ ఇంట్లో నేను వద్దు అనడం ఇదే మొదటిసారి.

అత్తయ్య గ్లాసు కింద పెట్టేశారు. చచ్చిపోతావే పిల్లా, నీ ఒంట్లో ఏముందని అన్నారు. ఆయన, మొండితనం ఎక్కడ నేర్చుకున్నావు అన్నారు. పిచ్చుక మాత్రం నన్నే చూస్తోంది.

ఎందుకో చెప్పలేదు. చెబుతూ కూర్చుంటే గొంతు అయిపోతుంది. డాక్టర్ కోసం దాచుకోవాలి. వెళ్ళి ప్లగ్ పెట్టాను.

జూలై 13, మధ్యాహ్నం

హోటల్ దుప్పట్లు. ఒక్కొక్కటీ మంచమంత. అత్తయ్య రెండుసార్లు ప్లగ్ తీసేశారు. రెండుసార్లు మళ్ళీ పెట్టాను. ఆవిడ ఏడుస్తున్నారు. నా వల్ల. ఆగను.

అక్షరాలు కిందికి జారుతున్నాయి. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని రాస్తున్నాను.

దగ్గితే బయటికి రావడం లేదు. గొంతులో గురగుర. ఎక్కువ చేశానేమో. అలిసిపోవాలనుకున్నాను కానీ ఎంత అలిస్తే చాలో నాకెవరు చెప్పారు.

ఆయన్ని పిలవాలి. పిలు

జూలై 15

పెద్దాసుపత్రి. పొద్దున. ఒంట్లో కొంచెం బలం ఉంది. కొంచెం కొంచెంగా, ఆగి ఆగి రాస్తున్నాను.

ఆ రోజు సాయంత్రం దాకా ఆగలేదు. నేను బల్ల మీద ఒరిగిపోతే పిచ్చుక చూసింది. ఆయన నన్ను ఎత్తుకుని క్లినిక్‌కి తీసుకెళ్ళారు. డాక్టర్ పైకి చూడమన్నాడు. చూశాను. రెండు రెప్పలూ డాక్టర్ కళ్ళ ముందే కిందికి దిగాయి. పేరు చెప్పమన్నాడు. మొదటి అక్షరం వచ్చింది. తల ముందుకి వాలిపోతే డాక్టరే లేచి గడ్డం పట్టుకున్నాడు. లేచిన ఊపుకి అతని కుర్చీ వెనక్కి పడింది. దగ్గుకి ఏం వేసుకుంటోంది అని అడిగాడు. మీరు రాసినవే అన్నారు మా ఆయన. అవి ఇక వేయకండి, దీన్ని పెంచింది అవే, నేను ఇది చూడలేదు, పొరపాటు నాదే అన్నాడు డాక్టర్. అంబులెన్స్‌కి తనే ఫోన్ చేశాడు. మాతో పాటే ఎక్కాడు.

ఇక్కడ డాక్టరమ్మ గుడ్డలో ఐసుముక్క చుట్టి నా మూసుకున్న కంటి మీద పెట్టింది. కాసేపటికి తీసింది. రెప్ప లేచింది. అత్తయ్య నోరు నొక్కుకున్నారు. చల్లదనానికి కాసేపు తేరుకుంటుంది, ఇది ఈ జబ్బు లక్షణం అంది డాక్టరమ్మ. జబ్బు. ఆ మాటకి ఏడుపొచ్చింది. జబ్బున్నందుకు ఏడ్చానో, ఉందని ఒకరు అన్నందుకు ఏడ్చానో.

తర్వాత మెల్లగా చెప్పింది. కండరాలు చచ్చిపోలేదు. పోగులు పోగుల్లాగే ఉన్నాయి. నరం తెచ్చిన మాట కండరంలోకి వెళ్ళే చోట చిన్న చిన్న తలుపులుంటాయట. మన ఒంట్లో రోగాలతో కొట్లాడే కాపలావాళ్ళు ఎందుకో పొరబడి ఆ తలుపులకే తాళాలు వేస్తున్నారట. తెరిచి ఉన్న కొన్నింటితో కాసేపు నడుస్తుంది. మళ్ళీ మళ్ళీ తడితే ఆ కొన్నీ చాలవు. పడుకుంటే తేరుకుంటాయి. గుండెకీ పేగులకీ ఉండే తలుపులు వేరే రకం, అందుకే వాటికి ఏమీ కాదు. రక్తంలోంచి ఆ కాపలావాళ్ళని వడగడతారట, మందులిస్తారట. టైం పడుతుంది.

ఊపిరి, అన్నాను. అంతే అనగలిగాను.

ఆమె అబద్ధం చెప్పలేదు. అవును, దాని కోసమే నిన్ను ఇక్కడ పెట్టాం అంది. ఒక గొట్టంలోకి ఊదిస్తున్నారు. ఊదిన ప్రతిసారీ మీటరు ముల్లు కిందే ఆగుతోంది. నిన్నటి కంటే కిందికి.

జూలై 15, సాయంత్రం

ఆయన మంచం పక్కన కూర్చున్నారు. నా దుప్పటి అంచు సరిచేశారు. తర్వాత, నువ్వు నా వైపు చూడలేక కళ్ళు దించుకుంటున్నావనుకున్నాను, సిగ్గనుకున్నాను, సాయంత్రం అయ్యేసరికి నీ కళ్ళు అలా వాలిపోతుంటే నాకు ఎంత ముచ్చటగా ఉండేదో తెలుసా అన్నారు. నా చెయ్యి తన మొహానికి ఆనించుకున్నారు. తడి తగిలింది.

నాకు ఏదో చెప్పాలనిపించింది. ఒక్క మాట కూడా లేదు.

డాక్టరమ్మ వచ్చింది. ఇక ఎక్కువసేపు నీ అంతట నువ్వు లాగలేవు, గొంతులో గొట్టం వేసి యంత్రానికి తగిలిస్తాం, నువ్వు ఒప్పుకోవాలి అంది. ఆయన, దానికి కొత్తవాళ్ళ దగ్గర మాట రాదండీ, నేను చెబుతాను అన్నారు. ఆమె ఆయన్ని ఆపింది. మనిషి మెలకువగా ఉంది కదా, ఆమె నోటే వింటాను అంది. పావుగంటలో వస్తానంది.

గొట్టం వేస్తే మాట ఉండదట. నిద్రపుచ్చుతారట. మళ్ళీ లేస్తానో

ఆలోచించకూడదు. చెయ్యి అయిపోతోంది.

జూలై 27

పిచ్చుక పెన్సిల్ పట్టించింది. రోజుకి కొంచెం రాస్తే వేళ్ళకి మంచిదట.

ఆ రోజు డాక్టరమ్మ వచ్చి అడిగింది. ఔను అనలేకపోయాను. తల ఊపలేకపోయాను. కళ్ళు మూసుకునే ఉన్నాయి కాబట్టి రెప్పతో చెప్పడానికి లేదు. ఆమె తన వేలు నా అరచేతిలో పెట్టింది. సరేనంటే నొక్కు అంది. ఇంత చిన్న పని. ఒంట్లో మిగిలిందంతా కూడదీసి ఆ వేలి దగ్గరికి పంపించాను. నొక్కానో లేదో నాకు తెలియదు. విన్నాను అంది ఆమె.

తర్వాత ఏమీ లేదు. తర్వాత యంత్రం.

యంత్రం నా బదులు ఊపిరి తీస్తోంది. నన్ను అడగదు. రొమ్ము దానంతటదే లేస్తుంది. మెలకువ వచ్చిన మొదటి రోజు పెనుగులాడాను. నాకు అక్కర్లేనప్పుడు గాలి వచ్చేది, కావాలనుకున్నప్పుడు ఆగేది. గంట కొట్టుకునేది. నర్సు పరుగెత్తుకొచ్చి, దానితో పోట్లాడకు తల్లీ, దాన్ని పని చేయనివ్వు అనేది. ఇప్పుడు పోట్లాడడం లేదు. కానీ పక్క మంచం యంత్రం గంట కొడితే నా ప్రాణం పోతుంది.

రక్తం వడగట్టడం అయిపోయింది. కళ్ళు తెరిచే ఉంటున్నాయి. సాయంత్రాలు కూడా.

అత్తయ్య వచ్చారు. నేనే పడుకోబెట్టాను, నా చేతులతోనే జోకొట్టి ఉన్నదంతా దాచిపెట్టాను అని మంచం పట్టీ పట్టుకుని ఏడ్చారు. కాదు అత్తయ్యా అని చెప్పడానికి లేదు. నవ్వాను. గొట్టం పక్క నుంచి పెదవి ఎంత కదిలిందో. ఆవిడ చూసి, నవ్విందర్రా అని నర్సుల్ని పిలిచారు. వార్డంతా తిరిగి చెప్పొచ్చారు. నాకు సిగ్గేసింది.

ఆగస్టు 1

రేపు గొట్టం తీస్తారట.

రెండు రోజులుగా యంత్రాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తున్నారు. బాగా చేస్తున్నావు అంటున్నారు. అందులో నాదెంతో, యంత్రానిదెంతో నాకు తెలియడం లేదు. డాక్టరమ్మని పలక మీద రాసి అడిగాను. తీశాక ఆగిపోతే అని. మళ్ళీ వేస్తాం అంది. మళ్ళీ వేసేలోపు అని రాశాను. అంత దూరం రానివ్వను, నీ పక్కనే ఉంటాను, కానీ మొదటిది మాత్రం నువ్వే తీయాలి అంది.

పిచ్చుక వచ్చి పరీక్ష బాగా రాశానంది. కండరాల ప్రశ్న వచ్చిందట. ఉదరవితానం గురించి ఈసారి తప్పు రాయలేదట. రాస్తుంటే నువ్వే గుర్తొచ్చావు వదినా అంది. అని, నా పొట్ట మీద చెయ్యి పెట్టి ఊరుకుంది. అది ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. రేపు పొద్దున వచ్చేసరికి నా పేరు పెట్టి పిలవాలి, ఏమండీ అంటే ఒప్పుకోను అన్నారు. నవ్వించాలని.

గాలి ఎలా తీసుకుంటారో ఆలోచిస్తున్నాను. ముందు ఏది కదపాలి. రొమ్మా, పొట్టా. ఎప్పుడూ చెప్పి చేయించలేదు. చిన్నప్పటి నుంచీ అదే చేసేది. ఇప్పుడు చెబితే వింటుందా.

మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను.

ఆగస్టు 2

గొట్టం తీసేశారు.

ఒకటి తీసుకున్నాను.

ఇంకొకటి.